లైటు వెలిగింది... ముందు చక్రాలు లాగలేదు!

దసరా వెళ్లిన వారం ఆదిలాబాద్ దగ్గర మా ఊళ్లో ఉన్నా. రాత్రంతా వాన. పొద్దున్నే మా కాక, అదేనండీ బాబాయి, ఫోన్ చేశాడు. "పత్తి బండి దిగబడ్డదిరా, జెల్ది రా!"

నల్లరేగడి సంగతి తెలిసిందేగా. తడిస్తే కాలి చెప్పునే వదలదు, లోడు బండిని వదులుతుందా? కానీ కాకది మామూలు బండి కాదు. అప్పు చేసి మరీ కొన్న సెకండ్ హ్యాండ్ ఫోర్ వీల్ డ్రైవ్ పికప్. ఇలాంటి రోజు కోసమే కొన్నాడు. నాబ్ తిప్పాడు. డ్యాష్‌బోర్డు మీద లైటు వెలిగింది. వెనక చక్రాలు బురద చిమ్ముతున్నాయి. ముందు చక్రాలు మాత్రం మాకేం సంబంధం అన్నట్టు ఊరుకున్నాయి.

ట్రాక్టర్ కట్టి లాగించాం. సాయంత్రం టౌన్లో ఒక షెడ్డుకు తీసుకెళ్తే, కిందికి ఒక్కసారి తొంగిచూసి "ట్రాన్స్‌ఫర్ కేస్ పోయింది, డెబ్బై వేలవుతుంది" అన్నారు. ఇంటికొచ్చేదాకా కాక ఏం మాట్లాడలేదు. తర్వాత మెల్లగా అన్నాడు. "ఈసారి పత్తి పైసలన్నీ దీనికే పోతయ్. బండి అమ్మేస్త బిడ్డా."

ఒక్క ఆదివారం ఆగమన్నా. ఆ ఆదివారం మేం చేసిందే ఈ వారం కాలమ్.

అసలు లోపల ఏం జరుగుతుంది?

మన దగ్గర దొరికే ఫోర్ వీల్ డ్రైవ్ పికప్‌లలో ఎక్కువ వాటిది పార్ట్ టైమ్ పద్ధతి. మామూలుగా, అంటే టూ హైలో, ఇంజిన్ బలం వెనక చక్రాలకే వెళ్తుంది. ఫోర్ హై వేస్తే గేర్ బాక్స్ వెనకున్న ట్రాన్స్‌ఫర్ కేస్ ఆ బలాన్ని ముందు షాఫ్టుకు కూడా పంచుతుంది. ఫోర్ లో అయితే వేగం తగ్గి లాగే శక్తి పెరుగుతుంది. చాలా మోడళ్లలో ఇది సుమారు రెండున్నర రెట్లు.

ఇక్కడే చాలామందికి తెలియని ముక్క ఒకటుంది. ముందు షాఫ్టు తిరిగితే సరిపోదు. అది చక్రంతో కలవాలి కూడా. ఆ కలిపే పని కొన్ని బళ్లలో ముందు యాక్సిల్ దగ్గర, కొన్నింట్లో చక్రం మధ్యలో ఉండే హబ్ దగ్గర జరుగుతుంది. చేత్తో తిప్పే హబ్‌లు కొన్ని, మోటారుతో పనిచేసేవి కొన్ని, గాలి పీల్చే వాక్యూమ్ పైపులతో పనిచేసేవి కొన్ని. కాక బండిది మూడో రకం.

అంటే సమస్య మూడు చోట్ల ఉండొచ్చు. కరెంటు, ట్రాన్స్‌ఫర్ కేస్, హబ్. చౌకైన దాని నుంచి ఖరీదైన దాని వైపు వెతుక్కుంటూ వెళ్లాలి. షెడ్డులో మాకు చెప్పింది సరిగ్గా దీనికి ఉల్టా.

1. చెవి పెట్టి వినండి

నాబ్ ఉన్న బండి అయితే ఇంజిన్ ఆన్ చేసి, హ్యాండ్ బ్రేక్ వేసి, టూ హై నుంచి ఫోర్ హైకి తిప్పించండి. మీరు పక్కన నిలబడి వినండి. కింద నుంచి చిన్న మోటారు 'గుర్ర్... టక్' అనాలి. అంటే కరెంటు అందుతోందన్నమాట. లివర్ ఉన్న బండికి ఈ మోటారు ఉండదు, రాడ్లు వదులయ్యాయేమో చూసుకుంటే చాలు.

అసలు చప్పుడే లేకపోతే ఫ్యూజు, రిలే, తర్వాత మోటారు దగ్గరి కనెక్టర్ చూడండి. తీసే ముందు ఫ్యూజ్ బాక్సును ఫోన్లో ఫొటో తీసుకోండి, ఏది ఎక్కడిదో మర్చిపోం. కనెక్టర్ పిన్నులు పచ్చగా చిలుము పట్టి ఉంటే బ్యాటరీ నెగెటివ్ తీసేసి కాంటాక్ట్ క్లీనర్ కొట్టండి. ఫ్యూజు పోతే అదే యాంపుల ఫ్యూజే వేయాలి. రాగి తీగ చుట్టారో, రేపు కాలేది ఫ్యూజు కాదు, వైరింగ్.

మా బండిలో చప్పుడు వచ్చింది. సో, కరెంటు ఓకే.

2. ఫోన్‌ను బండి పక్కన పడుకోబెట్టండి

మాకు బాగా పనికొచ్చిన ట్రిక్ ఇదే. గుల్ల మట్టి ఉన్న ఖాళీ జాగాలో, బండి వెళ్లే దారికి పక్కగా, ఫోన్‌ను నేల మీద రాయికి ఆనించి వీడియో ఆన్ చేశాం. కాక ఫోర్ హైలో నడక వేగంతో దాని ముందు నుంచి నడిపాడు. తర్వాత బండిని ఆపి, స్టీరింగ్ పూర్తిగా తిప్పి, నాలుగైదు అడుగులు కదిలించాడు.

ఫోర్ హై నిజంగా పడితే, స్టీరింగ్ తిప్పినప్పుడు ఎవరో బ్రేక్ పట్టుకున్నట్టు బండి బిగుస్తుంది. మలుపులో ముందు చక్రాలు ఎక్కువ దూరం తిరగాలి, వెనకవి తక్కువ. ట్రాన్స్‌ఫర్ కేస్ ఏమో రెండు షాఫ్టులనూ ఒకే వేగంతో తిప్పుతుంది. ఆ గొడవే ఈ బిగుసుకోవడం. అందుకే పొడి తారు రోడ్డు మీద ఫోర్ హై వేయకూడదు, ఈ టెస్టు కూడా చేయకూడదు.

కాక బండి ఏమాత్రం బిగుసుకోలేదు. వీడియో చూస్తే ముందు షాఫ్టు మాత్రం చక్కగా తిరుగుతోంది! అంటే డెబ్బై వేల ట్రాన్స్‌ఫర్ కేస్ తన పని తాను చేస్తోంది. బలం హబ్ దాకా వచ్చి అక్కడ ఆగిపోతోంది. మరి లైటు ఎందుకు వెలిగింది? కొన్ని మోడళ్లలో ఆ లైటు ట్రాన్స్‌ఫర్ కేస్ సంగతే చెప్తుంది, చక్రాల సంగతి చెప్పదు.

3. వేలు పెట్టి చూడండి

ఇక మిగిలింది వాక్యూమ్. ఇంజిన్ ఆపి, హబ్ వైపు వెళ్లే సన్నటి రబ్బరు పైపు ఊడదీశాం. ఇంజిన్ స్టార్ట్ చేసి ఫోర్ హై వేసి పైపు చివర వేలు పెట్టా. వేలిని లోపలికి పీల్చాలి. పీల్చలేదు. ఫ్యాన్, బెల్టు దగ్గర చొక్కా, చేతులు జాగ్రత్త సుమా!

డీజిల్ బళ్లలో బ్రేక్ బూస్టర్‌కు కూడా సాధారణంగా అదే పంపు నుంచి వాక్యూమ్ అందుతుంది. బ్రేక్ పెడల్ రాయిలా గట్టిగా ఉంటే పంపును అనుమానించాలి, అప్పుడిక ఆ బండిని నడపకూడదు కూడా. మాకు బ్రేక్ మెత్తగానే ఉంది. సో, పంపు ఓకే. పైపు వెంట వేలితో తడుముకుంటూ వెళ్తే, వీల్ ఆర్చ్ వెనక వంపు దగ్గర దొరికింది. గోరంత పగులు!

అదే సైజు పైపు ముక్క తెచ్చి వేశాం. యాభై రూపాయలు. మళ్లీ గుల్ల మట్టిలో స్టీరింగ్ తిప్పితే బండి బిగుసుకుంది. "పట్టిందిరా!" అని కాక అరిచిన అరుపుకు పక్కింటి వాళ్లు బయటికొచ్చారు.

ఇవి మర్చిపోవద్దు

* నాలుగు టైర్లూ ఒకే సైజు, దాదాపు ఒకే అరుగుదల ఉండాలి. రెండు కొత్తవి, రెండు బోడివి ఉంటే ఫోర్ వీల్ మీద భారం పడుతుంది.
* ఫోర్ హై నుంచి టూ హైకి రాకుండా మొండికేస్తే, నాలుగైదు అడుగులు తిన్నగా రివర్స్ చేసి ప్రయత్నించండి.
* ఫోర్ లో వేయాలంటే సాధారణంగా బండి ఆగి, గేరు న్యూట్రల్‌లో ఉండాలి. మీ మోడల్ సంగతి మాన్యువల్‌లో చూడండి.
* చౌక బ్లూటూత్ ఓబీడీ స్కానర్లు చాలావరకు ఇంజిన్ కోడ్‌లే చదువుతాయి. అందులో ఏమీ చూపించలేదని ఫోర్ వీల్ బాగున్నట్టు కాదు.
* జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కిందికి దూరొద్దు. స్టాండ్లు పెట్టాలి, చక్రాలకు అడ్డు రాళ్లు వేయాలి.
* గరగరమని చప్పుడు వచ్చినా, ఆయిల్లో లోహపు ముక్కలు కనిపించినా, ఫోర్ లో దానంతటదే ఊడిపోతున్నా ఇంటి వైద్యం ఆపేయండి. అది మంచి మెకానిక్ పని.

చివరగా కాకను ఒకటడిగా. "ఫోర్ వీల్ ఆఖరిసారి ఎప్పుడు వేసినవ్?" కాసేపు ఆలోచించాడు. "పోయిన వానకాలం." అంటే దాదాపు ఏడాది! పైపు ఎప్పుడు పగిలిందో మరి, తెలిసింది మాత్రం బురదలో దిగబడ్డాకే. నెలకోసారైనా కొన్ని కిలోమీటర్లు ఫోర్ హైలో నడపమని మాన్యువళ్లలో ఊరికే రాయరు. నడిపితే లోపల ఆయిల్ అంతటా పాకుతుంది, మోటారు బిగుసుకోదు, పైపు పగిలినా ముందే తెలుస్తుంది.

ఇప్పుడు కాక ప్రతి నెలా మొదటి ఆదివారం బండిని చేను గట్టు దాకా ఫోర్ హైలో తిప్పుతున్నాడు. బండి అమ్మే మాట మళ్లీ ఎత్తలేదు. మీ ఇంట్లోనూ అలాంటి బండి ఉంటే ఈ ఆదివారం నాబ్ ఓసారి తిప్పి చూడండి. లైటును నమ్మకండి, చక్రాలను అడగండి.