ముహూర్తానికి ముందే కాగితాలు

బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల్లో ఖరగ్‌పూర్ చేరిన తెలుగు కుటుంబాలకు ఇప్పుడు అమెరికా సంబంధాలు కొత్త కాదు. తండ్రి సర్వీసు పుస్తకంలో ఇంటిపేరు పొడి అక్షరం, మునిసిపాలిటీ జనన పత్రంలో బెంగాలీ ఉచ్చారణ, పాస్‌పోర్టులో పూర్తి పేరు. వీసా దరఖాస్తులో చిక్కంతా ఈ తేడాలతోనే.

పెళ్లి వీడియో ఎంత ఘనంగా ఉన్నా వీసాకు పెళ్లి రిజిస్ట్రేషన్ పత్రం తప్పనిసరి. అమెరికా పౌరుణ్ని పెళ్లాడి 2 ఏళ్లు నిండకముందే వచ్చే గ్రీన్‌కార్డుకు షరతులుంటాయి. అది చెల్లేది 2 ఏళ్లే. గడువు ముగిసేలోపు, చివరి 90 రోజుల్లో, మామూలుగా దంపతులిద్దరూ కలిసి ఆ షరతులు తొలగించమని దరఖాస్తు పెట్టాలి. కూతురి పురిటికి వెళ్లే తల్లి తిరిగొస్తానని వీసా అధికారిని నమ్మించాలి. పెన్షన్ కాగితాలు అక్కరకొస్తాయి.

ఏజెంట్ల చుట్టూ తిరిగేకన్నా, ముహూర్తానికి ముందే పేర్లు సరిచేయించుకోవడం మేలు. ఉగాది సంబరాలు జరిపే తెలుగు సంఘాలు ఏడాదికోసారి ఈ కాగితాల శిబిరమూ పెట్టాలి.