జత కాగితం ఎక్కడుంది?

నోట్సు రాసుకునే అలవాటున్నవాళ్లు కొందరు ఈమధ్య రంగులు, హంగులు ఉన్న యాప్‌లన్నీ వదిలేసి ఉత్త టెక్స్ట్ ఫైళ్లలోకి వచ్చేస్తున్నారు. నేనూ ఆ బాపతే. ఇందులో ఉన్న సుఖం తెలుగువాళ్లకి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. మన డీటీపీ సెంటర్లలో అను ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో కంపోజు చేసిన పుస్తకాలు బోలెడు. ఆ ఫాంట్లు లేని కంప్యూటర్లో ఆ ఫైళ్లు తెరిస్తే తెలుగు కనిపించదు, అడ్డదిడ్డమైన గుర్తులు కనిపిస్తాయి. యూనికోడ్‌లో కొట్టిన టెక్స్ట్ ఫైలుకి ఆ గతి పట్టదు. 1991లో వచ్చిన మొదటి యూనికోడ్ ప్రమాణంలోనే తెలుగుకి చోటుంది. ఆ ఫైలుని నోట్‌ప్యాడ్‌లో తెరవండి, ఈమాక్స్‌లో తెరవండి, ఫోన్‌లో తెరవండి, అక్షరం అక్షరంలాగే ఉంటుంది.

అంతవరకూ బాగానే ఉంది. పొలం గట్టు తగాదా గురించి నోటు రాశాం. పక్కన పాసుపుస్తకం స్కానింగు ఉండాలి, ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) ఉండాలి, సర్వేయరు గీసిన స్కెచ్చి ఉండాలి. అమ్మ షుగరు గురించి రాశాం. ల్యాబ్ వాళ్లిచ్చిన పీడీఎఫ్ ఉండాలి. టెక్స్ట్ ఫైలు వీటిలో ఒక్కదాన్నీ కడుపులో పెట్టుకోలేదు. ఈమెయిల్‌కి ఈ ఇబ్బంది 1992లోనే తీరింది. నథానియెల్ బోరెన్‌స్టీన్, నెడ్ ఫ్రీడ్ కలిసి తయారుచేసిన మైమ్ పద్ధతిలో బొమ్మనైనా పాటనైనా అక్షరాలుగా మార్చి ఉత్తరంలోనే కుక్కేస్తారు. అలా మార్చినందుకు సైజు మూడో వంతు పెరుగుతుంది. ఉత్తరం ఒకసారి పంపి ఊరుకుంటాం కనుక ఆ బరువు భరించొచ్చు. రోజూ తెరిచి దిద్దుకునే నోట్‌లో అక్షరాల చెత్త పేజీలకు పేజీలు ఉంటే ఎవరు చదువుతారు? అందుకని నోటు బొమ్మను మొయ్యదు, బొమ్మ ఫలానాచోట ఉందని చెబుతుంది. 2004లో జాన్ గ్రూబర్ తెచ్చిన మార్క్‌డౌన్‌లో ఆశ్చర్యార్థకం, చదరపు కుండలీకరణం, మామూలు కుండలీకరణం పెట్టి ఫైలు దారి రాస్తే సరిపోతుంది. కొత్త బాధ కూడా అక్కడే మొదలవుతుంది. నోటు కళ్లముందే ఉంటుంది, దారి కూడా ఉంటుంది. ఆ దారిన వెళ్తే ఫైలు మాత్రం ఉండదు.

ఈ చిక్కుముడిని కంప్యూటర్లు రాకముందే విప్పినవాళ్లు మన రెవెన్యూ గుమస్తాలు. మద్రాసు ప్రెసిడెన్సీ రోజుల్లో టాటెన్‌హామ్ అనే ఐసీఎస్ అధికారి పేరుతో ఒక ఆఫీసు పద్ధతి వచ్చింది. తెల్లవాళ్లు వెళ్లిపోయినా ఆ పద్ధతి మన కలెక్టరేట్లలో పాతుకుపోయింది. దాని ప్రకారం ఫైలంటే రెండు భాగాలు, ఒకటి నోట్ ఫైలు, రెండోది కరెంట్ ఫైలు. అర్జీ, కింది ఆఫీసు రిపోర్టు, స్కెచ్చి, కోర్టు ఉత్తర్వు ఇలా బయటినుంచి వచ్చిన ప్రతి కాగితమూ కరెంట్ ఫైల్లోకి పోతుంది. దానికో పేజీ నంబరు పడుతుంది, ట్యాగుకి గుచ్చుతారు. ఆఫీసు తనలో తాను మాట్లాడుకునే మాటంతా నోట్ ఫైల్లో రాస్తారు. 'కరెంట్ ఫైలు 23వ పేజీలోని రిపోర్టు ప్రకారం' అని గుమస్తా రాసే మాట అచ్చంగా మనం ఇవాళ లింకు అంటున్నదే. దొరగారికి చప్పున దొరకాలని ఆ పేజీకి చిన్న ఫ్లాగు చీటీ కూడా గుచ్చేవాళ్లు. ఫ్లాగు ఊడిపోవచ్చు, పేజీ నంబరు ఊడదు. ఇప్పుడు నడుస్తున్న ఈ-ఆఫీసులోనూ ఒక పక్క ఆకుపచ్చ నోట్ షీటు, ఇంకో పక్క కరస్పాండెన్సు కనిపిస్తాయి. కాగితం పోయింది కానీ ఆ విభజన చెక్కుచెదరలేదు.

మా బాబాయి తాలూకా కచేరీలో గుమస్తాగా చేరి డిప్యూటీ తహసీల్దారుగా రిటైరయ్యాడు. మంచి నోటు అంటే ఏమిటి బాబాయ్ అని అడిగితే, "ఒరే, కాగితం తిప్పకుండానే సంతకం పెట్టగలిగేట్టు ఉండాలి. అనుమానం వస్తే మాత్రం ఆ కాగితం చేతికి తగలాలి" అన్నాడు. నోట్సు సాఫ్ట్‌వేర్ల మీద యూట్యూబులో గంటలకొద్దీ వచ్చే వీడియోల్లో ఇంత సూటిగా చెప్పినవాళ్లు నాకు తగల్లేదు. మనలో చాలామంది చేసేది దీనికి సరిగ్గా తలకిందులు. పీడీఎఫ్ తగిలిస్తాం, 'రిపోర్టు వచ్చింది' అని ఒక ముక్క రాస్తాం. ఆ రిపోర్టులో ఏముందో రాయం. తగిలించడం అయిపోతే చదవడం కూడా అయిపోయినట్టే లెక్క!

సాఫ్ట్‌వేర్లు ఈ పనిని తలా ఒక తీరుగా చేస్తాయి. నెదర్లాండ్స్‌లోని ఖగోళ శాస్త్రవేత్త కార్స్టెన్ డొమినిక్ 2003లో మొదలుపెట్టిన ఆర్గ్-మోడ్‌లో ప్రతి శీర్షికకీ ఒక గుర్తింపు సంఖ్య ఇచ్చి, ఆ సంఖ్య పేరుతోనే జత ఫైళ్లకి ఒక ఫోల్డరు కేటాయిస్తారు. ఫైలు తగిలించబోతే కాపీ చెయ్యమంటావా, ఉన్నచోటినుంచి తరలించమంటావా, అక్కడే వదిలేసి దారి మాత్రం వెయ్యమంటావా అని అడుగుతుంది. ఈ మూడింట్లో నా ఓటు ఎప్పుడూ కాపీకే. డౌన్‌లోడ్స్ ఫోల్డర్లో ఉన్నదానికి దారి వెయ్యడమంటే రైల్వే ప్లాట్‌ఫాం చిరునామా ఇచ్చి ఉత్తరం రాయమన్నట్టే.

2020లో వచ్చిన అబ్సిడియన్ సంగతి వేరు. అది ఫైలుని పేరు పట్టి వెతుక్కుంటుంది, కనుక ఒక ఫోల్డర్లోంచి ఇంకో ఫోల్డర్లోకి మార్చినా నొచ్చుకోదు. దాని లోపలినుంచి పేరు మారిస్తే లింకులన్నీ తనే సరిదిద్దుతుంది. బయటినుంచి, మామూలు ఫైల్ మేనేజర్లో పేరు మార్చారా, లింకు తెగిందే. అక్కడ అతికించిన ప్రతి బొమ్మకీ 'పేస్టెడ్ ఇమేజ్' అన్న ఇంటిపేరు, వెనకాల 14 అంకెలు తగులుతాయి. సెట్టింగులు ముట్టుకోకుండా వాడితే అవన్నీ నోట్ల మధ్యలోనే వచ్చి కూర్చుంటాయి. ఏడాది తిరిగేసరికి నోట్లేవో బొమ్మలేవో తెలియని జాతర తయారవుతుంది. జాప్లిన్‌లో జత ఫైలు అసలు పేరు పోయి 32 అక్షరాల అంకెల కలగలుపు వస్తుంది, నోట్‌లో లింకు కూడా అదే. యాప్ లోపల అంతా శుభ్రంగా ఉంటుంది. యాప్ లేకుండా ఆ ఫోల్డరు తెరిచి చూడండి, ఏది పాసుపుస్తకమో ఏది కరెంటు బిల్లో పోల్చుకోలేరు. టెక్స్ట్‌కి మారిందే యాప్ పోయినా మాట మిగలాలని కదా? జతల విషయంలో ఆ పట్టింపు వదిలేస్తే సగం పని చేసినట్టే.

కాబట్టి పేరు ఫైలుతోపాటే ఉండాలి, అది కూడా మారని పేరు. ఇక్కడ నాకు నచ్చిన పద్ధతి ప్రొటెసిలాస్ స్టావ్రూ 2022లో ఈమాక్స్ కోసం రాసిన డీనోట్‌ది. ఫైలు పేరు సంవత్సరం, నెల, తేదీ, గంట, నిమిషం, సెకనులతో మొదలవుతుంది. తర్వాత నాలుగు మాటల శీర్షిక, ఆ తర్వాత విషయం గుర్తులు. నోటుకీ పీడీఎఫ్‌కీ ఫొటోకీ ఒకటే నియమం. ముందున్న అంకెలు మార్చరు, శీర్షిక ఎన్నిసార్లైనా దిద్దుకోవచ్చు. ఇంతకీ ఏ తేదీ వెయ్యాలి, దస్తావేజు మీదున్నదా, మన చేతికి వచ్చినదా? చేతికి వచ్చినదే. కచేరీలో కాగితానికి నంబరు పడేది అది వచ్చి చేరిన రోజునే. దస్తావేజు తేదీ నోట్‌లో రాస్తే చాలు.

పేరు తెలుగులో పెట్టొచ్చా? పెట్టాలనే ఉంటుంది. కానీ సంగతులు తెలిస్తే మనసు మారుతుంది. లినక్స్‌లో ఎక్కువగా వాడే ఫైల్ వ్యవస్థలో పేరుకి 255 బైట్లు హద్దు. తెలుగులో ఒక్కో యూనికోడ్ గుర్తుకి మూడు బైట్లు పడతాయి. 'శ్రీ' అంటే శ, పొల్లు, ర, గుడి దీర్ఘం, మొత్తం నాలుగు గుర్తులు, 12 బైట్లు. 21 సార్లు శ్రీ రాసేసరికి పేరుకున్న చోటు నిండిపోతుంది. కొన్ని సాఫ్ట్‌వేర్లు లింకులో పెట్టేటప్పుడు తెలుగుని శాతం గుర్తుల వరసగా మారుస్తాయి. అప్పుడు 'హైదరాబాద్' కాస్తా 81 అక్షరాల గొలుసవుతుంది. నోటు చదవబోతే ముళ్లకంపలో చెయ్యి పెట్టినట్టుంటుంది.

అదే 'హైదరాబాద్'లో ఇంకో తిరకాసు ఉంది. ఐత్వాన్ని యూనికోడ్‌లో రెండు రకాలుగా రాయొచ్చు. ఒకే గుర్తుగా రాయొచ్చు, లేదా ఎత్వం పెట్టి దాని కింద ఇంకో గుర్తు తగిలించి రాయొచ్చు. తెర మీద రెండూ ఒకలాగే కనిపిస్తాయి. 2017లో కొత్త ఫైల్ వ్యవస్థ వచ్చేదాకా మ్యాక్ కంప్యూటర్లు ఫైలు పేర్లలో ఇలాంటివాటిని విడగొట్టి దాచేవి. మనం నోట్‌లో కొట్టేది మాత్రం సాధారణంగా ఒకే గుర్తు. లినక్స్ బైటుకి బైటు పోల్చి చూస్తుంది. అలా ఓ పాత మ్యాక్‌లోంచి తెచ్చిన 'వైద్యం', 'పైకం', 'హైదరాబాద్' ఫైళ్లకి లింకులు దొరకవు, 'మందులు', 'డబ్బు', 'విజయవాడ' ఫైళ్లకి నిక్షేపంగా దొరుకుతాయి. కారణం తెలియనివాడికి ఇది చేతబడిలాగే ఉంటుంది. అందుకే అయిష్టంగానే చెబుతున్నాను, ఫైలు పేరులో అంకెలు, చిన్నబడి ఇంగ్లీషు అక్షరాలు, మాటల మధ్య అడ్డగీత, అంతకుమించి వద్దు. తెలుగంతా నోట్‌లో రాసుకుందాం, అక్కడ దానికి ఏ హద్దూ లేదు. చిన్నబడి అని ఎందుకంటున్నానంటే, కొన్ని కెమెరాలు ఫైలు పేరు చివర పెద్దబడి అక్షరాలు పెడతాయి. పెద్దబడికీ చిన్నబడికీ విండోస్ తేడా చూడదు, లినక్స్ చూస్తుంది.

దారి రాసేటప్పుడు డ్రైవు పేరు, యూజరు పేరు లేకుండా, నోటు ఉన్నచోటినుంచి మొదలుపెట్టి రాయాలి. నోట్ల ఫోల్డరు, అందులోనే జతల ఫోల్డరు ఒక్కటి. విషయానికో ఫోల్డరు, దాంట్లో ఏడాదికో ఫోల్డరు అని కట్టుకుంటూ పోయేవాళ్లని చూస్తే జాలేస్తుంది. పొలం అమ్మి ఆ డబ్బుతో ఆపరేషన్ చేయిస్తే ఆ రసీదు ఏ ఫోల్డర్లో పెడతారు? జత ఒకచోటే ఉంటుంది, దానికి లింకులు ఎన్ని నోట్లలోంచైనా ఉండొచ్చు.

వాట్సాప్‌లో వచ్చినవాటి గురించి ఒక్క మాట. మన ఇళ్లలో సగం దస్తావేజులు వచ్చేది అట్నుంచే. ఫొటోగా పంపితే అది కుదించుకుపోతుంది, ఎప్పుడు తీశారో చెప్పే సమాచారం కూడా రాలిపోతుంది. పంపేవాళ్లని డాక్యుమెంటుగా పంపమనండి. పెద్దవాళ్లకి అది ఎక్కడ నొక్కాలో చెప్పడం కష్టమే, అయినా ఒకసారి ఓపిక పట్టి చెబితే చాలా మేలు.

సైజు సంగతీ ఉంది. ఇంత పొడుగు తెలుగు వ్యాసం 40 కిలోబైట్లు దాటదు. ఫోన్‌తో తీసిన ఒక మోస్తరు ఫొటో 4 మెగాబైట్లు, అంటే ఇలాంటివి వంద వ్యాసాలు. నోట్ల చరిత్రంతా గిట్‌లో దాచుకునేవాళ్లు బొమ్మల్నీ అందులోనే పోస్తే అది ఉబ్బిపోతుంది, తర్వాత బొమ్మ తీసేసినా చరిత్రలో ఉండిపోతుంది. జోయీ హెస్ 2010లో మొదలుపెట్టిన గిట్-అనెక్స్ దీనికోసమే ఉంది. అంత ఓపిక లేనివాళ్లు నోట్లని గిట్‌లో పెట్టి, జతల ఫోల్డరుని మామూలుగా రెండు డిస్కుల్లోకి కాపీ చేసుకున్నా నష్టం లేదు.

అసలు శ్రమ పడాల్సింది మా బాబాయి చెప్పినచోట. లింకు పెట్టిన పక్కనే ఆ కాగితంలో ఉన్నది నాలుగు ముక్కల్లో రాయాలి. 'షుగరు రిపోర్టు' అని కాదు, తేదీ, పరగడుపు అంకె, తిన్నాక అంకె, మూడు నెలల సగటు, డాక్టరు మార్చిన మాత్ర. 'పొలం స్కెచ్చి' అని కాదు, సర్వే నంబరు, విస్తీర్ణం, తూర్పు హద్దు ఎవరిది, కొలిచింది ఎవరి సమక్షంలో. అలా రాస్తే 'తూర్పు హద్దు' అని వెతికితే నోటు దొరుకుతుంది, నోటు పట్టుకుంటే స్కెచ్చి దొరుకుతుంది. టెక్స్ట్‌ని వెతికే పనిముట్లు బొమ్మ లోపలికి చూడలేవు. ఇప్పుడు యంత్రాలు బొమ్మలోని అక్షరాలు కూడా చదువుతున్నాయి కదా అంటారు. అచ్చు అక్షరాలు చదువుతాయి, సరే. పాత దస్తావేజులోని గొలుసుకట్టు రాతని వాటి చేతికి వదిలి నిశ్చింతగా ఉండమంటే నేనుండలేను. పైగా అలా రాయడం కోసమైనా కాగితాన్ని ఒకసారి చదువుతాం.

ఇక అన్నీ దాచాలా? టాటెన్‌హామ్ పద్ధతి దీనికీ ఒక దారి చూపింది. ఫైలు ముగిసినప్పుడే దాని ఆయుష్షు దాని మీద రాసేసేవాళ్లు. ఆర్.డిస్ అయితే శాశ్వతం, డి.డిస్ అయితే పదేళ్లు, ఎల్.డిస్ అయితే ఒక్క ఏడాది. మన నోట్‌లో లింకు పక్కన ఇలాంటి గుర్తొకటి వేసుకోవచ్చు. రిజిస్టరైన దస్తావేజు, డిగ్రీ సర్టిఫికెట్టు మొదటి తరగతి. ఆదాయపు పన్ను కాగితాలు రెండో తరగతి. ఫ్రిజ్ రిపేరు రసీదు, ఉడిపి హోటల్లో బోర్డు మీద నచ్చి తీసుకున్న ధరల పట్టిక ఫొటో మూడోవి. ఏడాదికోసారి కూర్చుని మూడోవాటిని చెరిపెయ్యడమే. చెరిపినప్పుడు నోట్‌లోని లింకు మాత్రం తీసెయ్యకండి. దాని పక్కన 'తొలగించాను' అని తేదీ వేసి వదిలెయ్యండి. ఆరేళ్ల తర్వాత ఆ నోటు తెరిచినవాళ్లు లేని ఫైలు కోసం ఇంట్లో ఉన్న డిస్కులన్నీ వెతుక్కోకుండా ఉంటారు.