సరిహద్దు దాటి వచ్చిన సమన్లు



వేలూరు నుండి వైద్యం చేయించుకొని వస్తూ మన సహోదరుడొకరి కారు ఒక పేదవాని ఆటోను గుద్దినది. ఆ ఆటోయే వారి ఇంటికి కూడు. కొన్ని నెలలకు అక్కడి ట్రిబ్యునల్ సమన్లు వచ్చాయి. "వేరే రాష్ట్రంవారు ఏమి చేయగలరు?" అని ఆయన వాటిని ట్రంకుపెట్టెలో దాచారు.

1988 మోటారు వాహనాల చట్టం 166వ సెక్షను ప్రకారం, నష్టపోయినవారు ప్రమాదం జరిగిన చోటనైనా, తాము నివసించే చోటనైనా దావా వేయవచ్చు. మనం హాజరు కాకుంటే ఎక్స్‌పార్టీ తీర్పు వస్తుంది. కాబట్టి సమన్లు అందగానే నకలు ఇన్సూరెన్సు కంపెనీకి ఇవ్వండి. అక్కడి వకీలుకు వకాలతు ఇవ్వండి. లోక్ అదాలత్‌లో రాజీ కోరండి.

త్వరగా సమాధానపడాలన్న ప్రభువు బోధ (మత్తయి 5:25) దాచుకొనేవారికి ఎలా నెరవేరుతుంది? మీ పెట్టెలో ఏమి దాగియున్నది? నేడే తెరవండి. ఆమేన్.