కుక్కపిల్లను మనం పెంచగలమా? – నా అభిప్రాయం



పోయిన ఆదివారం వానలో ఏడో తరగతి తమ్ముళ్లు కాలువలో కొట్టుకుపోతున్న కుక్కపిల్లను బయటికి తీసిన సంగతి మీ అందరికీ తెలుసు. అది ఇప్పుడు కట్టెల షెడ్డులో అట్టపెట్టెలో ఉంది. దాన్ని హాస్టల్లోనే పెంచుకుందామని డార్మిటరీల్లో కాగితం తిప్పి సంతకాలు తీసుకుంటున్నారు. ఆ కాగితం నా దగ్గరికీ వచ్చింది. నేను సంతకం పెట్టలేదు. "నీకు జాలి లేదురా" అని నా ఫ్రెండ్సే అన్నారు. అందుకే ఇది రాస్తున్నాను.

జాలి లేక కాదు. తమ్ముళ్లు చేసింది మంచి పని. కాని కాలువలోంచి తీయడం ఒక్క నిమిషం పని, పెంచడం పదేళ్ల పని. బాగా చూసుకుంటే మన ఊరకుక్క పది పన్నెండేళ్లు బతుకుతుంది, ఒక్కోసారి ఇంకా ఎక్కువే. నేను వచ్చే ఏడాది టెన్త్ రాసి వెళ్లిపోతాను. సంతకం పెట్టినవాళ్లలో అందరికంటే చిన్నవాడు అయిదో తరగతి తమ్ముడు. వాడైనా ఆరేళ్లకి మించి ఇక్కడ ఉండడు. ఆ తర్వాత అది ఎవరి కుక్క?

రాజుగాడు మీకు గుర్తున్నాడు కదా? గేటు దగ్గరికి తనంతట తానే వచ్చిన ఎర్ర కుక్క. స్టడీ అవర్ అయ్యాక అందరం వాడికి అన్నం పెట్టేవాళ్లం. నేనైతే రోజూ ఒక ముద్ద దాచి ఉంచేవాణ్ని. పోయిన ఏప్రిల్ చివర్లో వేసవి సెలవులిచ్చారు. పెట్టెలు నెత్తిన పెట్టుకుని బస్సెక్కాం. రాజుగాడు మలుపు దాకా బస్సు వెంట పరిగెత్తాడు. మెస్ మూసేశారు. వాచ్‌మన్ తాత ఉన్నన్ని రోజులు ఇంత గంజి పోశాడట. మధ్యలో ఒక వారం తాత కూడా ఊరెళ్లాడు. తిరిగి వచ్చేసరికి రాజుగాడు లేడు. జూన్ రెండో వారంలో మేం వచ్చి పిలిచాం, వెతికాం. దొరకలేదు.

మనం వాణ్ని కొట్టలేదు. అలవాటు చేసి వదిలేశాం, అంతే. సరైన కారణం లేకుండా, ఆకలితోనో దాహంతోనో బాధపడే పరిస్థితిలో జంతువును వదిలేయడం నేరమని 1960 నాటి జంతువులపై క్రూరత్వ నివారణ చట్టం చెబుతోంది. ఈ సంగతి సైన్సు సారు చెప్పేదాకా నాకు తెలీదు. తెలిశాక ఆ ముద్ద గుర్తొచ్చి సిగ్గేసింది. భారతంలో ధర్మరాజు తన వెంట వచ్చిన కుక్కను వదిలి స్వర్గంలోకి రానన్నాడు. మనం సెలవులకే వదిలేసి వెళ్లాం.

కాబట్టి సంతకం పెట్టేముందు ఈ నాలుగు ప్రశ్నలకి జవాబు చెప్పుకుందాం.

ఒకటి. తిండి ఎవరిది? మెస్‌లో మిగిలిన సాంబారు అన్నం పోస్తే చాలనుకుంటాం. ఉల్లిపాయ కుక్కలకి మంచిది కాదు, వాటి రక్తాన్ని దెబ్బతీస్తుంది. ఆదివారం కోడికూర ఎముకలు వేస్తే, ఉడికిన ఎముక ముక్కలుగా విరిగి గొంతులోనో పేగులోనో గుచ్చుకోవచ్చు. దానికి ఉత్త అన్నం, పప్పు, ఉడికిన గుడ్డులాంటివి విడిగా పెట్టాలి. మన వాటా గుడ్డు రోజుకొకరు ఇస్తామని ఇవాళ అంటాం. పరీక్షలప్పుడు కూడా ఇస్తామా?

రెండు. టీకాలు ఎవరు వేయిస్తారు? మనకి నులిపురుగుల మాత్ర ఇచ్చినట్టే కుక్కపిల్లకీ ఆ మందు పట్టించాలి. పార్వో అనే జబ్బు వస్తే వాంతులు, రక్తవిరేచనాలతో పిల్లలు రెండు మూడు రోజుల్లోనే చనిపోతాయి. దానికి ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో టీకా మొదలుపెట్టి మళ్లీ మళ్లీ వేయించాలి. మూడు నెలలకి రేబిస్ టీకా, ఆ తర్వాత కూడా డాక్టరు చెప్పిన గడువుకి మళ్లీ. పైగా ఇది ఆడపిల్ల. ఆపరేషన్ చేయించకపోతే ఏడాది తిరిగేసరికి షెడ్డులో ఇంకో అయిదారు పిల్లలుంటాయి. వాటికీ సంతకాలు పెడతామా?

మూడు. కరిస్తే ఏం చేస్తాం? ఇది రాయక తప్పదు. కాలువలోంచి తీసేటప్పుడు ఒక తమ్ముడి చేతికి దాని పళ్లు గీరుకున్నాయి. చెబితే కుక్కపిల్లను పంపేస్తారని రెండు రోజులు దాచాడు. నేను చూసి సారుకి చెప్పాను. సారు తిట్టలేదు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లారు. సూదులు మొదలయ్యాయి. పిల్లే కదా అనుకోకూడదు. గీరినా, కరిచినా, పుండు మీద నాకినా వెంటనే సబ్బు పెట్టి ధారగా పడే నీళ్లతో 15 నిమిషాలు కడగాలి. కారం, సున్నం పెట్టకూడదు. డాక్టరు చెప్పిన తేదీల్లో సూదులన్నీ వేయించుకోవాలి. రేబిస్ లక్షణాలు బయటపడితే మనిషి బతకడం దాదాపు ఉండదు. 1885లో లూయీ పాశ్చర్ ఈ టీకా వేసిన జోసెఫ్ మైస్టర్‌కి తొమ్మిదేళ్లు. మన అయిదో తరగతి తమ్ముళ్లది ఇంచుమించు అదే వయసు. దాచిపెట్టే భయం ఉన్నచోట కుక్కను పెంచడం ప్రమాదం.

నాలుగు. బాధ్యత ఎవరి మీద? 2025 నవంబరు 7న సుప్రీంకోర్టు విద్యాసంస్థలు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల నుంచి వీధికుక్కలను తరలించాలనీ, ఆపరేషన్, టీకాలు అయ్యాక షెల్టర్లలో ఉంచాలనీ, మళ్లీ అక్కడే వదలొద్దనీ ఆదేశించింది. రేపు ఎవరికైనా ఏదైనా అయితే జవాబు చెప్పాల్సింది సంతకాలు పెట్టిన మనం కాదు, వార్డెన్ సారు. సంతకం మనది, బాధ్యత ఇంకొకరిది అంటే న్యాయం కాదు.

"మరి నువ్వు తీసుకుపో" అన్నారు కొందరు. నేనూ అదే అనుకున్నాను. మా ఊళ్లో కుక్క లేని ఇల్లు తక్కువ. పొలం కాపలాకి మనతోనే వస్తాయి, పందులు పడితే అరుస్తాయి. శనివారం ఫోన్‌లో నాన్నని అడిగాను. "తెచ్చేయ్ బిడ్డా, కాని మిరపకోతలకి మీ అమ్మా నేనూ రెండు నెలలు పోతాం గదా, ఎవరు చూస్తారు?" అన్నాడు. నేను ఏం చెప్పలేకపోయాను. ఫోన్ పెట్టేశాక ఏడుపొచ్చింది. కాని నాన్న అడిగింది నిజం. మా ఇల్లు ఇప్పుడు సిద్ధంగా లేదు. హాస్టలూ సిద్ధంగా లేదు.

అయితే దాన్ని గేటు బయట వదిలేద్దామా? వద్దు. నా మనవి ఇది.

సారు ఒప్పుకుంటే ఇల్లు దొరికేదాకా పది పదిహేను రోజులు షెడ్డులోనే ఉంచుదాం. పెద్ద తరగతుల వాళ్లు ఇద్దరే చూడాలి, మిగతావాళ్లు ముట్టుకోకూడదు. పి.ఇ.టి. సారుతో పశువుల ఆసుపత్రికి పంపి చూపించి, వయసుకి తగ్గ మందులు, టీకాలు మొదలుపెట్టిద్దాం. మెస్‌కి కూరగాయలు తెచ్చే తాతకి మేకలున్నాయి, ఏడాది పొడుగునా ఊళ్లోనే ఉంటాడు. ఆయన కుక్క ఈమధ్యే చచ్చిపోయింది. ఆయన్ని అడుగుదాం. కాని ఆయన్నీ ఈ ప్రశ్నలే అడగాలి. ఒప్పుకుంటే టీకాల తేదీలు చీటీ మీద రాసిద్దాం. ఒప్పుకోకపోతే ఇంకో ఇల్లు వెతుకుదాం.

దానికి పేరు పెట్టడానికి అందరూ తొందరపడుతున్నారు. పేరు పెంచేవాళ్లే పెట్టుకుంటారు. మనం ముందు ఇల్లు చూద్దాం.

నేను రాసింది తప్పనిపిస్తే ఈ పక్కన ఖాళీ కాగితం అంటించాను, మీ జవాబు రాయండి. కాని వేసవి సెలవుల్లో ఎవరు చూస్తారో కూడా రాయండి. వాళ్ల పేరు కనిపిస్తే నేనూ సంతకం పెడతాను.

ఇట్లు,
మీ తొమ్మిదో తరగతి విద్యార్థి