సెల్‌ఫోను పాఠానికీ ఒక వేళ ఉండాలి

నరసాపురం: చేతిలో సెల్‌ఫోను ఉంటే చదువు ఇంటికే నడిచి వస్తుందన్న భ్రమ ఈ ప్రాంతంలో ఇంకా వీడలేదు. 2020 మార్చిలో కరోనా వల్ల బడులు మూతపడ్డాక పాఠాలు ఫోనులోకి, దూరదర్శన్ సప్తగిరి ఛానెల్‌లోకి వచ్చాయి. లేసు అల్లిన కూలి డబ్బులు కూడబెట్టి పిల్లవాడికి ఫోను కొనిచ్చిన తల్లులున్నారు. తీరా చూస్తే పాఠం దాని మానాన అది నడుస్తుంటే కుర్రవాడు ఆటలో మునిగి తేలడం ఇంటింటి భాగోతమైంది.

ఇందుకు పల్లెటూరి పిల్లలనే ఆడిపోసుకోవడం సబబు కాదు. 2012లో అమెరికాలోని పేరుమోసిన ఎం.ఐ.టి. విద్యాసంస్థ ఎలక్ట్రానిక్స్ పాఠాలను ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టగా, ప్రపంచం నలుమూలల నుంచి సుమారు 1,55,000 మంది పేర్లు నమోదు చేయించుకున్నారు. చివరిదాకా నిలిచి సర్టిఫికెట్టు పుచ్చుకున్నది 7,157 మంది! నూటికి అయిదుగురైనా లేరు.

అలాగని ఇంటి దగ్గర చదువు అబ్బదనుకోవడమూ పొరపాటే. 1982లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం (నేటి అంబేద్కర్ విశ్వవిద్యాలయం) ఏర్పడ్డాక ఎందరో ఉద్యోగులు, గృహిణులు డ్యూటీలు, వంటలు ముగించుకుని రాత్రిపూట పుస్తకం పట్టి డిగ్రీలు సంపాదించారు. ఒకరికి ప్రమోషను ఆశ, ఇంకొకరికి చిన్నప్పుడు ఆగిపోయిన చదువుపై పట్టుదల. పైగా అధ్యయన కేంద్రానికి వెళితే సందేహం తీర్చే లెక్చరరు ఉండేవారు.

అంతదూరం ఎందుకు, ఇక్కడి లేసు అల్లికల ఆడవారినే చూడవచ్చు. ఇంటిపని అయ్యాక అరుగు మీద చేరి, చీకటి పడేలోగా ఇంత అల్లాలని లెక్క పెట్టుకుని సూది పడతారు. వారి నెత్తిన ఎవరూ నిలబడరు. పోగు తప్పితే విప్పి మళ్లీ అల్లుతారు. ఫోను ముందు కూర్చున్న పిల్లవాడికి కరువైనది ఇదే. పాఠం విన్నాడు సరే, ఫోను పక్కన పెట్టి ఒక్క లెక్క సొంతంగా చేశాడా అని అడిగే దిక్కు లేదు.

2022 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం 8వ తరగతి పిల్లలకు ట్యాబులు కూడా పంచింది. వస్తువు ఇవ్వడంతో పని అయిపోయిందనుకుంటే ఎలా? సాయంత్రం ఒక గంటసేపు బడిలో ఒక గది తెరిపించి, కాలేజీలో చదివే ఊరి కుర్రవాణ్ణి ఒకణ్ణి అక్కడ కూర్చోబెడితే అయ్యే ఖర్చు ఏపాటిది? పాఠం అక్కడే విని, లెక్క అక్కడే చేసి చూపించి ఇంటికి వెళతారు. పంచాయతీ పెద్దలు, ఉపాధ్యాయులు కలిసి ఈ వేసవి సెలవుల తర్వాతనైనా దీనిని మొదలుపెట్టాలి.