సొంత కంపెనీ పెడతామంటున్నారు... వినండి!

అమెరికాలో ఎమ్మెస్ చేసిన మన కుర్రాడంటే ఇంతకాలం అందరిదీ ఒకటే లెక్క. చదువు, ఉద్యోగం, హెచ్1బీ, గ్రీన్‌కార్డు, ఆ తర్వాత ఇల్లు. ఇప్పుడు కొందరు ఇంజనీరింగ్ విద్యార్థులు ఆ వరుస మారుస్తున్నారు. 'ఉద్యోగం వద్దు, సొంతంగా కంపెనీ పెడతా' అంటున్నారు. అప్పు చేసి పంపిన తల్లిదండ్రుల గుండెల్లో ఈ మాటతో రాయి పడుతోంది.

'కుదురైన ఉద్యోగం కాదని ఇదేం పిచ్చి?' అని కోప్పడే ముందు కాస్త ఆలోచిద్దాం. ఉద్యోగం అంత కుదురుగా ఉందా? 2022 చివర్లో, 2023లో అమెజాన్, గూగుల్, మెటా వంటి సంస్థలే వేలమందిని తీసేశాయి. హెచ్1బీ మీద ఉండి ఉద్యోగం పోతే మరోదారి చూసుకోవడానికి చట్టం ఇచ్చే గడువు గరిష్ఠంగా 60 రోజులు. సీనియర్ల పాట్లు చూసిన పిల్లలు 'ఎలాగూ రిస్కే అయినప్పుడు మన కోసమే తీసుకుందాం' అనుకోవడంలో తప్పేముంది?

మనవాళ్లకు ఇది కొత్తా అంటే, కాదు. 2005 దీపావళికి ఊరెళ్లడానికి బస్సు టికెట్ దొరకని ఫణీంద్ర సామా, బెంగళూరులో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ కొలువు వదిలి 2006లో ఇద్దరు మిత్రులతో రెడ్‌బస్ మొదలెట్టారు. 2013లో దాన్ని ఐబిబో గ్రూపు కొనుక్కుంది.

అయితే ఫణీంద్రకు బెంగళూరులో లేని చిక్కు మన పిల్లలకు ఇక్కడుంది. అదే వీసా. చదువు పూర్తయ్యాక వచ్చే 12 నెలల ఓపీటీలో తాము చదివిన రంగంలో సొంత వ్యాపారం చేసుకోవచ్చు. ఆ తర్వాత స్టెమ్ విద్యార్థులకు దొరికే 24 నెలల పొడిగింపులో మాత్రం తనకు తానే యజమాని అంటే కుదరదు. శిక్షణ ఇచ్చే అసలైన యజమాని ఉండాల్సిందే. సొంత కంపెనీ ద్వారా హెచ్1బీకి వెళ్లే దారిని 2025 జనవరి నిబంధనలు కొంత స్పష్టం చేశాయి. కానీ కంపెనీలో సగానికి మించి వాటా ఉన్నవారికి మొదటి అనుమతి, తొలి పొడిగింపు 18 నెలల చొప్పునే. లాటరీ బెడద ఎలాగూ తప్పదు.

అంటే అసలు పరీక్ష ఆ మొదటి 12 నెలలే. ఆ ఏడాదిలో కావలసింది ఉపన్యాసాలు కాదు. మంచి ఇమిగ్రేషన్ లాయరు సలహా, ఒక మొదటి కస్టమరు, తప్పు చేస్తుంటే చెప్పే పెద్దదిక్కు. తెలుగు సంఘాల సభల్లో బిజినెస్ సెమినార్లకు కొదవలేదు. వాటిలో ఓ పూట ఈ పిల్లలకు కేటాయించలేమా? ఇక్కడ స్థిరపడ్డ మనం వారి సరుకు ఒకసారి వాడి చూడలేమా?

పిల్లలకూ ఒక మాట. కాగితం మీద కంపెనీ చూపించి వీసా నిలబెట్టుకోవడం వ్యాపారం కాదు. అది బయటపడిన రోజు చదువు, భవిష్యత్తు రెండూ పోతాయి. నిజంగా చేసి ఓడిపోతే మాత్రం సిగ్గుపడక్కర్లేదు. ఆ అనుభవం రేపు ఉద్యోగానికీ పనికొస్తుంది. ఈ సంగతి ముందు తెలియాల్సింది ఊళ్లో ఉన్న అమ్మానాన్నలకే.