పాటకు మాటలు కావాలా?

ఈ సావనీరుకు ఏదైనా రాయమని సంపాదక వర్గంలోని మిత్రుడు అడిగినప్పుడు, "సైన్సు విద్యార్థివి గదా, అంతరిక్షం మీద రాయి. లేకుంటే రైతుబిడ్డవు గదా, పసుపు ధర మీద రాయి" అన్నాడు. అంతరిక్షం గురించి నాకు తెలిసింది పాఠ్యపుస్తకంలో ఉన్నంతే. పసుపు ధర గురించి రాస్తే నాకే నిద్ర పట్టదు. అందుకని రెండూ కాని సంగతి ఒకటి ఎత్తుకున్నాను. 1970ల నాటి రాక్ సంగీతంలో పాడేవాడే లేని పాటలు, అంటే కేవలం వాద్యాల మీదనే నడిచేవి, నాకు ప్రాణం. వేల్పూర్ పిల్లగానికి రాక్ సంగీతమేమిటని నవ్వేవారు నవ్వవచ్చు. నవ్విన తరువాత మాత్రం చివరిదాకా చదవమని మనవి.

ముందు ఒక అవమానం సంగతి చెప్పాలి. నేను పదవ తరగతి దాకా తెలుగు మీడియం. ఇంటర్లో చేరిన కొత్తలో పక్కవాళ్ళు ఇంగ్లీషు పాటలు వింటున్నారని నేనూ వినడం మొదలుపెట్టాను. ఒకనాడు హాస్టల్లో ఒక పాటకు తల ఊపుతుంటే ఒక సీనియర్ వచ్చి, "రెండో చరణానికి అర్థం చెప్పు తమ్మీ" అన్నాడు. చెప్పలేకపోయాను. గదంతా నవ్వింది. ఆనాటి నుంచి ఇంగ్లీషు పాట వినబడితే చాలు, ఎవరో నాకు పరీక్ష పెడుతున్నట్టే ఉండేది.

తరువాత సంక్రాంతి సెలవులకు ఇంటికి పోయాను. మా వైపు అప్పటికి పసుపు తవ్వకం మొదలవుతుంది. తవ్వినదాన్ని ఉడకబెట్టి, కల్లంలో పోసి రోజుల తరబడి ఎండబెట్టాలి. రాత్రి కావలి నా వంతు. చెవుల్లో వైర్లు పెట్టుకుని పడుకుంటే, ఫోనులో ఒకదాని వెనుక ఒకటి దానంతటదే వచ్చే వరుసలో 'జెస్సికా' అనేది వచ్చింది. గిటారు మొదలైంది, పియానో కలిసింది. పాడేవాడు ఇప్పుడొస్తాడు, కాసేపట్లో వస్తాడు అని ఎదురు చూశాను. ఏడున్నర నిమిషాలు గడిచినా రాలేదు. అర్థం చెప్పమని అడగడానికి అందులో ఒక్క మాట కూడా లేదు! ఆ రాత్రి దాన్ని ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు. పందులు వచ్చి పక్కవాళ్ళ మక్క చేనులో పడ్డా నాకు తెలియలేదని తెల్లవారి తిట్లు కూడా తిన్నాను.

అది అమెరికాలోని ఆల్మన్ బ్రదర్స్ బ్యాండ్ 1973లో వెలువరించిన ఆల్బమ్ లోనిది. దాని వెనుక కథ తరువాత తెలిసింది. ఆ బృందానికి తలకాయ వంటి గిటారిస్టు డ్వేన్ ఆల్మన్ 1971 అక్టోబరులో మోటారు సైకిల్ ప్రమాదంలో పోయాడు. ఏడాది దాటిందో లేదో, 1972 నవంబరులో బేస్ గిటారు వాయించే బెర్రీ ఓక్లీ కూడా మోటారు సైకిల్ ప్రమాదంలోనే పోయాడు. మిగిలినవాళ్ళు ఏడుపు పాట చేయవలసిన సమయం గదా. కాని డికీ బెట్స్ తన పసిబిడ్డ జెస్సికా ఇంట్లో దోగాడుతుంటే చూసి ఈ వరుస కట్టాడు. జాంగో రైన్‌హార్ట్ అని పాతకాలపు గిటారు విద్వాంసుడొకాయన ఉండేవాడు. అగ్ని ప్రమాదంలో ఎడమ చేతి రెండు వేళ్ళు పనికి రాకుండా పోతే మిగిలిన రెంటితోనే వాయించినవాడు. ఆయన మీది గౌరవంతో బెట్స్ కూడా రెండు వేళ్ళతో వాయించగల వరుస కట్టాలనుకున్నాడట. ఇద్దరు పోయిన ఇంట్లో బిడ్డ దోగాడుతుంటే ఎట్లా ఉంటుందో అట్లా ఉంటుంది ఆ పాట. ఈ కథ తెలియకముందే నాకు అట్లనే అనిపించింది. బెట్స్ 2024లో కన్నుమూశాడు.

ఇక్కడ నా మిత్రుడొకడు అడ్డుపడ్డాడు. "మాటల్లేని పాట నీ రాక్ వాళ్ళే కనిపెట్టిండ్రా? మన పెండ్లి బ్యాండులో క్లారినెట్ కు మాటలున్నయా?" అని. ఈ ప్రశ్న నన్ను చాలా రోజులు ఇబ్బంది పెట్టింది. ఆలోచిస్తే తేలిందేమిటంటే, బ్యాండు మేళం సినిమా పాట వాయించినప్పుడు మాటలు వాద్యంలో లేకున్నా మన నోట్లో ఉంటాయి. వినేవాడు లోపల పాడుకుంటూనే ఉంటాడు. వీణ మీద కీర్తన వాయించినా తెలిసినవారికి సాహిత్యం లోపల నడుస్తూనే ఉంటుందంటారు. మాటలు అసలు పుట్టనే లేని సంగీతం వేరు. అది మనకు లేదా అంటే, భేషుగ్గా ఉంది. రాగాలాపన ఉంది, తానం ఉంది. కాకినాడలో పుట్టిన చిట్టిబాబు గారి వీణ మీద 'కొమ్మలో కోయిల' ఉంది. అన్నిటికన్నా ముందు డప్పు ఉంది. మా ఊళ్ళో పొలం కాడ ఉన్నవాడు కూడా దూరం నుంచి దరువు విని, చావా పెండ్లా అని చెప్పేస్తాడు. ఎవరూ అర్థం అడగరు.

కాబట్టి రాక్ వాళ్ళు గొప్ప, మనం తక్కువ అని నేను అంటున్నానని అనుకునేరు! నేననేది వేరు. ఇంగ్లీషు రాని నావంటివానికి ఆ లోకంలోకి పోవడానికి తెరిచి ఉన్న తలుపు ఇదొక్కటే. ఆ తలుపు దగ్గర న్యూయార్కువాడూ నేనూ ఒక్క వరుసలోనే నిలబడతాం.

కొన్నిటి పేర్లు చెబుతాను. ఎడ్గార్ వింటర్ బృందం 'ఫ్రాంకెన్‌స్టైన్' 1973లో అమెరికాలో మొదటి స్థానానికి ఎక్కింది. రికార్డు చేసిన పొడుగాటి టేపును ముక్కలు ముక్కలుగా కోసి అతికించారు కనుక ఆ పేరు. పింక్ ఫ్లాయిడ్ వాళ్ళ 'వన్ ఆఫ్ దీజ్ డేస్' (1971) గాలి హోరుతో మొదలై, రెండు బేస్ గిటార్లతో నడుస్తుంది. మా బావి మోటరు అందుకునేటప్పుడు వచ్చే శబ్దం అచ్చం అదే. మధ్యలో గొంతు మార్చిన ఒక్క వాక్యం ఉంది, దాన్ని క్షమించాను. మైక్ ఓల్డ్‌ఫీల్డ్ 'ట్యూబ్యులర్ బెల్స్' 1973 మే నెలలో వచ్చింది. దాదాపు వాద్యాలన్నీ తానొక్కడే ఒకదాని మీద ఒకటి వాయించి రికార్డు చేశాడు. విడుదలనాటికి వానికి సరిగ్గా ఇరవై ఏళ్ళు. నాకూ ఇరవయ్యే, అయినా నా ప్రాక్టికల్ రికార్డే ఇంకా పూర్తి కాలేదు. నిజం చెప్పాలంటే అందులో రెండో వైపు కొంత సాగదీత ఉంది. అందరూ మెచ్చుకునే వ్యాన్ హేలెన్ 'ఎరప్షన్' (1978) నాకు గారడీలా తోస్తుంది తప్ప మనసుకు పట్టదు.

జెఫ్ బెక్ 1975లో వాయించిన 'కాజ్ వీవ్ ఎండెడ్ ఆజ్ లవర్స్' మాత్రం పడుతుంది. స్టీవీ వండర్ కట్టిన వరుస అది. బెక్ తీగను పక్కకు లాగుతుంటే స్వరం ఏడుస్తూ పైకి పోతుంది. మన భౌతికశాస్త్రం ప్రకారం తీగ పౌనఃపున్యం తన్యత వర్గమూలాన్ని బట్టి మారుతుంది. స్వరాన్ని రెండు అర్ధస్వరాల మేర పైకి లేపాలంటే తన్యత సుమారు నాలుగో వంతు పెరగాలి. పరీక్షలో అయిదు మార్కులకు రాసే ఈ సూత్రమే మన వీణలో గమకానికీ ఆధారం. ఎక్కడి బెక్, ఎక్కడి వీణ అనుకోకండి. 1971లో మహావిష్ణు ఆర్కెస్ట్రా పెట్టి చెవులు చిల్లులు పడేటట్టు వాయించిన జాన్ మెక్‌లాఫ్లిన్, అమెరికాలో డాక్టర్ ఎస్. రామనాథన్ గారి దగ్గర వీణ నేర్చుకున్నాడు. తరువాత మెట్ల మధ్య చెక్కను లోతుగా తొలిపించి, అడ్డంగా అనునాద తంత్రులు వేయించి ప్రత్యేకంగా గిటారు చేయించుకున్నాడు. గమకం కోసమే! దానితోనే ఎల్. శంకర్, జాకీర్ హుస్సేన్, విక్కు వినాయక్‌రాం గార్లతో 'శక్తి' బృందం నడిపాడు. తరువాతి కాలంలో ఆ పేరుతో మళ్ళీ బృందం కట్టినప్పుడు ఆయన పక్కన కూర్చున్నది ఎవరనుకున్నారు? పాలకొల్లులో పుట్టిన మన మాండలిన్ శ్రీనివాస్. శ్రీనివాస్ 2014లో నలభై అయిదేళ్ళకే పోయాడు. ఆ ఇద్దరూ ఒకరి మాట వెంట ఒకరు వాయిస్తుంటే చూడండి. ఎవరి భాష ఎవరికి వచ్చని అడుగుతాం?

ఇక అసలు సంగతి. ఫంకడెలిక్ అనే బృందం 1971లో 'మ్యాగట్ బ్రెయిన్' అని పది నిమిషాల పాట చేసింది. మొదట కొన్ని మాటలు, తక్కినదంతా ఎడ్డీ హేజెల్ అనే కుర్రవాని గిటారు. "మీ అమ్మ చనిపోయిందని ఇప్పుడే తెలిసినట్టు వాయించు" అని బృంద నాయకుడు జార్జ్ క్లింటన్ చెప్పాడని అంటారు. మా తాత పోయిన ఏడాది కల్లంలో బాపు, నేను కావలి ఉన్నాం. తాత పోయినప్పుడు బాపు ఏడవలేదు. పనులన్నీ తానే చూసుకున్నాడు, మూడో నాటికి పొలానికి పోయాడు. ఆ రాత్రి ఫోను చార్జింగు పెట్టి, వైర్లు లేకుండా ఈ పాట మెల్లగా పెట్టాను. మొదటి మాటలు దాటవేసి గిటారు దగ్గరి నుంచే. బాపు బీడీ కాలుస్తూ కొంతసేపు విని, "ఎవలు సచ్చిపోయిండ్రురా గాయినకు?" అన్నాడు.

నేను ఏమీ చెప్పలేదు సుమండీ. పాట పేరు కూడా చెప్పలేదు. బాపు చదివింది నాలుగో తరగతి. లేచి కుప్ప మీది పరదా సర్దినట్టు చేసి, చాలాసేపు అటే తిరిగి నిలబడ్డాడు. వచ్చి కూర్చున్నాక, "ఇంకోపారి పెట్టు" అన్నాడు.

ఇట్లాంటి వాద్యానికి మన కాలేజీ వార్షికోత్సవంలో చోటు లేదు. లలిత సంగీతం ఉంది, జానపద గీతం ఉంది, సినీ గీతాలు, బృంద నృత్యం ఉన్నాయి. పోయినసారి ఒక విద్యార్థి వేణువు తెస్తే, పోటీలో ఆ అంశం లేదన్నారు. పోనీలే అని, మైకులు సర్దేలోపు వాయించమన్నారు. వాయిస్తుంటే వెనుక "హలో, హలో, చెక్" అని వినబడుతూనే ఉంది. అంతర్ విశ్వవిద్యాలయ యువజనోత్సవాల్లో వాద్యానికి ప్రత్యేక విభాగం ఉన్నప్పుడు మనకెందుకు ఉండకూడదు?

ఇది బహుమతి కోసం అడిగే మాట కాదు. మా ఊళ్ళో నేను మామ అని పిలిచే ఒకాయన క్లారినెట్ వాయించేవాడు. బోధన్ లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ నడిచినన్నాళ్ళు ఆ వైపు పెండ్లిళ్ళ నుంచి పిలుపులు బాగా ఉండేవట. చెరుకు పైసలు చేతికి రాగానే పెండ్లిళ్ళు పెట్టుకునేవారు. 2015 డిసెంబరులో ఫ్యాక్టరీ మూతబడింది, అదే కాలంలో డీజే డబ్బాలు వచ్చాయి. బ్యాండు విడిపోయింది. మామ దుబాయి పోయి కట్టుబడి పనిలో ఉన్నాడు. ఊరేగింపు గుడి దగ్గర ఆగినప్పుడు, జనం తరువాతి సినిమా పాట ఏదో తేల్చుకునేలోపు, ఆయన తన సొంత వరుస ఒకటి రెండు మూడు నిమిషాలు వాయించేవాడు. దానికి పేరు లేదు. నాకు అది నోటికి వచ్చు గాని ఎక్కడా రికార్డు కాలేదు. ఈ మధ్య ఆయనకు 'జెస్సికా' పంపితే, "గీల్లకు పాడెటోడు దొరకలేదా అల్లుడా?" అని నవ్వి, రెండు రోజుల తరువాత తానే ఫోను చేసి, మధ్యలో పియానో వచ్చే చోటు నోటితో తప్పు లేకుండా పలికించాడు.

విద్యార్థి సంఘం వారికి నా మనవి ఇదే. వచ్చే వార్షికోత్సవంలో వాద్యానికి ఒక పోటీ పెట్టండి. గిటారు, డప్పు, వేణువు, క్యాసియో, ఏదైనా సరే. మైకులు ముందే సర్ది పెట్టండి. మనిషికి ఏడున్నర నిమిషాలు అడగను, మూడు చాలు. ఆ రోజు బయటివారిని ఒకరిని అతిథిగా పిలిచే వీలుంటే మామ ఫిబ్రవరిలో లీవు మీద వస్తున్నాడు. క్లారినెట్ అటక మీద ఉంది. దానికి రీడు మాత్రం హైదరాబాదు నుంచి తెప్పించాలి.